క్యాసనూరు అడవి ఢిల్లీకి ఎంత దూరం?

దేశ రాజధానిలో వ్యాధులకు కూడా హోదాలున్నవి. మహానగరాలలో ప్రబలేవి, విమానాలెక్కి దేశాలు తిరిగేవి, పరదేశపు పత్రికలలో పేరు మోసేవి అగ్రాసనం ఆక్రమిస్తాయి. వాటికోసం అత్యవసర సమావేశాలు జరుగుతాయి. నిధులు విడుదలవుతాయి. పార్లమెంటులో ప్రశ్నోత్తరాలు సాగుతాయి. అడవి అంచున కట్టెలు కొట్టుకుని, ఎండుటాకులు ఏరుకుని బ్రతికేవారికి మాత్రమే వచ్చే వ్యాధులు ఆ వరుసలో చిట్టచివర నిలబడతాయి. అటువంటి వ్యాధి ఒకటి 1957 నుంచి మన పొరుగు రాష్ట్రంలో కోతులనూ మనుషులనూ కలిపి చంపుతున్నది. శాస్త్రజ్ఞులు దానికి క్యాసనూరు అటవీ వ్యాధి అని పేరు పెట్టారు. మలనాడు ప్రజలు దానిని 'మంగన కాయిలె' అంటారు. కోతి జబ్బు అని అర్థం. దాని నివారణకు ఉన్న ఒకే ఒక టీకా 2022లో నిలిచిపోయింది. ఆ సంగతి ఢిల్లీలో ఎంతమందికి తెలిసిందో, తెలిసినవారిలో ఎంతమందికి నిద్ర చెడిందో చెప్పడం కష్టం.

ముందుగా కొంత పూర్వచరిత్ర అవసరం. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా, సొరబ తాలూకా అడవులలో కొండముచ్చులు, కోతులు గుంపులుగా చచ్చి పడుతున్నవని వార్త వచ్చింది. అదే సమయంలో చుట్టుపక్కల పల్లెలలో తీవ్రమైన జ్వరంతో మనుషులు చనిపోతున్నారు. కోతులూ మనుషులూ ఒకేసారి చనిపోవడం అనేసరికి వైద్యులకు మొదట తట్టినది పచ్చజ్వరం. ఆఫ్రికాను, దక్షిణ అమెరికాను వణికించిన ఆ జ్వరం భారతదేశంలో ఏనాడూ కాలు పెట్టలేదు. దానిని మోసే జాతి దోమలు మాత్రం మన దేశంలో కోకొల్లలు. అది నిజంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చును. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం నుంచి టెల్‌ఫర్డ్ వర్క్ నాయకత్వాన శాస్త్రజ్ఞుల బృందం హుటాహుటిన బయలుదేరింది. ఐ.సి.ఎం.ఆర్., రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలసి 1952లో నెలకొల్పిన ఆ కేంద్రమే 1978 నుంచి జాతీయ వైరాలజీ సంస్థగా పిలువబడుతున్నది.

పరిశోధనలో బయటపడినది పచ్చజ్వరం కాదు. అయితే అంతకంటె ఆశ్చర్యం గొలిపే విషయం తేలింది. చచ్చిన కోతుల నుంచి, జబ్బుపడిన మనుషుల నుంచి, అడవిలోని పిడుదుల నుంచి వేరుచేసిన వైరస్ సైబీరియా అడవులలో మెదడువాపు కలిగించే వైరస్‌కు దగ్గరి చుట్టమని తెలిసింది. మంచుదేశపు వ్యాధికి చుట్టం పడమటి కనుమల చిత్తడి అడవులలోకి ఎలా వచ్చిందన్నది పెద్ద చిక్కు ప్రశ్న అయింది.

పిడుదు మన రైతులకు కొత్త జీవి కాదు. కొన్ని ప్రాంతాలలో దానినే గోమారి అంటారు. పశువుల చెవులలోను, గంగడోలు మడతలలోను పట్టి రక్తం పీల్చే ఆ పురుగుకు సంబంధించిన అడవిజాతి ఒకటి ఈ వ్యాధికి ప్రధాన వాహకం. వానలు వెనుకబట్టిన తరువాత దాని పిల్లలు ఆకులపైకి ఎక్కుతాయి. ఎలుకలు, చుంచుల వంటి చిన్న జంతువుల రక్తం త్రాగి పెరుగుతాయి. నవంబరు, డిసెంబరు నెలల నుంచి మే వరకు నువ్వుగింజంత ఉండే నడిమి దశ పిడుదులు కోతులను, మనుషులను పట్టుకుంటాయి. వ్యాధి సోకిన కోతి చచ్చి నేలకు రాలగానే దానిని అంటిపెట్టుకున్న పిడుదులు శవాన్ని వదలి చుట్టుపక్కల ఆకులలోకి పాకుతాయి. ఆ తావు కొన్ని వారాలపాటు మృత్యుస్థానం అవుతుంది. సరిగ్గా ఆ నెలలలోనే మలనాడు రైతుకూలీలు పోకతోటల ఎరువుకు, పశువులకొట్టంలో పరచడానికి ఎండుటాకులు ఏరుకోవడానికి అడవిలోకి పోతారు. మనిషి నుంచి మనిషికి ఈ జబ్బు సోకదు. కనుకనే నగరాలు దానిని చూసి భయపడలేదు.

జబ్బు లక్షణాలు రెండు అంకాల నాటకం వంటివి. కాటు పడిన మూడు నుంచి ఎనిమిది రోజులలో చలితో కూడిన జ్వరం, భరించరాని తలనొప్పి, ఒళ్లంతా విరిచినట్లు కండరాల బాధ మొదలవుతాయి. కొందరికి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం పోతుంది. నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు వరకు మరణిస్తారు. తక్కినవారు ఒకటి రెండు వారాలలో కోలుకుంటారు. కాని వారిలో నూటికి పదిమంది నుంచి ఇరవైమందికి మూడవ వారంలో జ్వరం తిరగబెడుతుంది. ఈసారి దాడి మెదడుపై జరుగుతుంది. తీవ్రమైన శిరోవేదన, చేతుల వణుకు, చూపు మందగించడం, మతిభ్రమ కనిపిస్తాయి. గండం గడిచిందని సంతోషించి ఇంటికి వచ్చిన మనిషి మళ్లీ మంచం పట్టడం ఆ కుటుంబానికి ఎంతటి దెబ్బో వేరుగా చెప్పనక్కరలేదు.

పిడుదు కాటు కాలి మడమ దగ్గర పడితే వైరస్ శిరస్సులోకి ఎలా చేరుతున్నది? ఈ ప్రశ్నపై ఎక్కువ కృషి జరిగినది ఐరోపా, రష్యా దేశాలలో ప్రబలే సోదర వైరస్ మీద. అక్కడ తెలిసిన విషయాలు విస్మయం కలిగిస్తాయి. పిడుదు లాలాజలంలో నొప్పి తెలియనీయని పదార్థాలు, రక్తం గడ్డకట్టనీయని పదార్థాలు, మన శరీర రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చే పదార్థాలు ఉన్నవి. అందువల్ల కాటు సంగతి మనిషికి తెలియనే తెలియదు. వైరస్ లాలాజల గ్రంథులలోనే కాచుకుని ఉంటుంది కనుక కాటు పడిన కొద్ది నిమిషాలలోనే చర్మంలోకి ప్రవేశించగలదు. అక్కడ పహరా కాసే రక్షణ కణాలనే అది ముందు లోబరచుకుంటుంది. శత్రువు జాడ తెలుపడానికి అవి సమీపంలోని లసికా గ్రంథికి పోతాయి. తమతోపాటు శత్రువునే మోసుకుపోతాయి. గ్రంథిలో వృద్ధిచెందిన వైరస్ రక్తంలోకి పొంగుతుంది. మొదటి జ్వరం అప్పటిది.

రక్తానికీ మెదడుకూ నడుమ ప్రకృతి ఒక గట్టి కాపలా ఏర్పరచింది. మెదడులోని సూక్ష్మ రక్తనాళాల గోడలలో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వైరస్ ఆ గోడను పడగొట్టి లోపలికి పోతుందని ఒకప్పుడు భావించేవారు. ఎలుకలపై జరిపిన ప్రయోగాలు వేరొక సంగతి తెలిపాయి. గోడ చెక్కుచెదరక ముందే వైరస్ లోపల ఉంటున్నది. రక్తనాళపు గోడ కణాలలోనే చొరబడి, వృద్ధిపొంది, అవతలి వైపు బయటపడటం ఒక మార్గం. ముక్కులోని వాసన నాడుల వెంట ప్రాకడం మరొక మార్గం. వ్యాధిసోకిన రక్షణ కణాలలో దాగి పోవడం వేరొక మార్గం. గోడ బీటలు వారడం తరువాతి ఘట్టం. లోపల చెలరేగిన వాపు దానికి కారణం.

ఒకసారి లోపలికి చేరిన తరువాత వైరస్ ప్రధాన లక్ష్యం నాడీకణాలే. వాటి పైపొరపై ఉండే ఎల్.ఆర్.పి.8 అనే ప్రొటీనును ఈ ఐరోపా వైరస్ తలుపు గడియగా వాడుకుంటున్నదని 2025లో వెల్లడయింది. నాడీకణాల శాఖల కొనలకు సందేశాలు చేర్చడానికి శరీరం ఏర్పరచుకున్న రవాణా సౌకర్యాన్ని కూడా వైరస్ తన జన్యుపదార్థం మోయించుకోవడానికి వినియోగిస్తున్నదని జపాన్ పరిశోధకులు 2017లో చూపారు. విషాదమేమంటే, రక్షించడానికి మెదడులోకి దూకిన తెల్ల రక్తకణాలే చాలవరకు విధ్వంసం చేస్తున్నవి. ఆ కణాలు లేని ఎలుకలు అవి ఉన్న ఎలుకల కంటె ఎక్కువ రోజులు బ్రతకడం దీనికి నిదర్శనం. వెన్నుపాములో మెడ దగ్గర చేతులను కదిలించే నాడీకణాలు ముందుగా దెబ్బతింటాయి. అందువల్లనే ఈ జాతి వ్యాధులలో మెడ వాలిపోవడం, భుజాలు చచ్చుబడటం తరచు చూస్తాము.

ఈ జ్ఞానం ఊరకే రాలేదు. 1937లో సోవియట్ దూరప్రాచ్య అరణ్యాలకు లెవ్ జిల్బర్ నాయకత్వాన వెళ్లిన బృందం కొద్ది నెలలలోనే అక్కడి వైరస్‌ను పట్టుకున్నది. ఆ బృందంలో యువకుడైన మిఖాయిల్ చుమకోవ్‌కు వైరస్ సోకి కుడిచేయి చచ్చుపడింది, వినికిడి పోయింది. జిల్బర్‌కు దక్కిన సన్మానం అదే సంవత్సరంలో నిర్బంధం. అయినా ఆ కృషి వృథా కాలేదు. మిగిలిన ఒక్క చేతితో చుమకోవ్ తరువాత సోవియట్ దేశానికి పోలియో టీకా అందించాడు. ఆస్ట్రియా వంటి చిన్న దేశం 1981 నుంచి సామూహికంగా పిడుదు మెదడువాపు టీకా వేయించింది. 1979లో అక్కడ 677 మందికి ఆ వ్యాధి సోకగా, 1999లో 41 మందికి మాత్రమే సోకింది. జనాభా కోటికి తక్కువైన దేశం చేసిన పని ఇది.

మన సంగతి చూద్దాం. సైబీరియా చుట్టరికం తెలిసిన తరువాత వలస పక్షులు ఈ వైరస్‌ను తెచ్చి ఉండవచ్చునన్న ఊహ బయలుదేరింది. దానిని పరీక్షించడానికి సలీం అలీ ఆధ్వర్యంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వేలాది పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పడింది. తరువాతి దశలో అమెరికన్ సైన్యపు పరిశోధన విభాగం నుంచి కూడా ధనం వచ్చింది. 1974లో ఈ సంగతి పత్రికలకెక్కి పార్లమెంటులో దుమారం లేచింది. క్రిమియుద్ధానికి మన గడ్డను ప్రయోగశాల చేస్తున్నారా అని సభ్యులు నిలదీశారు. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ విచారించి 1975లో తీవ్రమైన నివేదిక సమర్పించింది. ప్రజాప్రతినిధులు ఆ ప్రశ్నలు అడగడం న్యాయమే. పరాయి సైన్యం డబ్బు ఏ పరిశోధనలోకి వచ్చినా అడిగి తీరాలి. కాని నన్ను కలచివేసే విషయం మరొకటి ఉన్నది. పక్షుల కాళ్ల గురించి అంతసేపు చర్చించిన రాజధాని, పిడుదు కరచిన కూలివాని కాళ్ల గురించి చర్చించినది చాలా తక్కువ. పక్షులే ఈ వ్యాధిని మోసుకువచ్చినవని చెప్పడానికి ఆధారం చివరకు దొరకలేదు. 1990 దశకంలో సౌదీ అరేబియాలో వెలుగుచూసిన అల్‌ఖుర్మా వైరస్ మన క్యాసనూరు వైరస్‌కు అత్యంత సమీప బంధువని మాత్రం తరువాత తేలింది.

వ్యాధి విజృంభణకు కారణం ఆకాశంలో కాక నేల మీదనే ఉన్నదని 1969లోనే హోర్హె బోషెల్ అనే శాస్త్రజ్ఞుడు సూచించాడు. దట్టమైన అడవిని ముక్కలు ముక్కలుగా నరికి సాగుభూమి చేసిన చోట, పశువులను అడవిలోకి తోలిన చోట, నరికిన తావున పొదలు అల్లుకున్న చోట పిడుదులు విపరీతంగా పెరిగాయి. పశువు వైరస్‌ను పెంచదు గాని పిడుదును మేపుతుంది. 1980 దశకం తొలి సంవత్సరాలలో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం అడవి నరికినప్పుడు ఈ వ్యాధి పెద్దయెత్తున చెలరేగడం అందుకు ఉదాహరణ. ప్రకృతిలో వందల ఏండ్లుగా ఒక మూల నిద్రించిన దానిని మన గొడ్డలే తట్టి లేపిందని చెప్పక తప్పదు.

చాలాకాలం ఇది అయిదారు జిల్లాల సమస్యగానే ఉన్నది. 2012లో బందీపూర్ అడవులలో కోతులు చచ్చాయి, వాటిని దహనం చేసిన అటవీ సిబ్బంది జబ్బుపడ్డారు. అనంతరం నీలగిరులలోను, కేరళలోని వయనాడులోను అది కనిపించింది. 2015లో గోవాలోని సత్తరి తాలూకాకు, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాకు వ్యాపించింది. 2018 చివరలో మళ్లీ షిమోగా జిల్లా సాగర తాలూకా అరళగోడు ప్రాంతంలో విజృంభించి పలువురిని బలిగొన్నది. ఇప్పుడిది ఒక రాష్ట్రపు వ్యాధి కాదు. పడమటి కనుమల పొడవునా అయిదు రాష్ట్రాలలో పాదం మోపిన వ్యాధి. ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోనిదని కేంద్రం చేతులు దులుపుకోవడానికి వీలులేని దశ వచ్చింది.

టీకా సంగతికి వస్తాను. కోడిపిండపు కణాలలో పెంచి, ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో పూనా శాస్త్రజ్ఞులు 1960 దశకంలో రూపొందించిన టీకాను కర్ణాటక ప్రభుత్వం 1990 నుంచి వేయిస్తూ వచ్చింది. నెల వ్యవధిలో రెండు మోతాదులు, ఆపై ఏటేటా బలపరిచే సూదులు అవసరం. సూది వేసిన చోట నొప్పి ఎక్కువ. ఆ నొప్పికి, కూలి పోతుందన్న భయానికి చాలామంది రెండవసారి రాలేదు. 2005 నుంచి 2010 వరకు లెక్కలు పరిశీలించగా రెండు మోతాదుల వల్ల నూటికి 62 పాళ్లు, అదనపు సూది కూడా వేయించుకున్నవారికి నూటికి 83 పాళ్లు రక్షణ లభించినట్లు తేలింది. అరవై ఏండ్లనాటి ఆ టీకాను మెరుగుపరచవలసిన అవసరం అప్పుడే విశదమయింది. ఎవరూ తొందరపడలేదు. ఏటా కొన్ని వందలమందికి వచ్చే జబ్బు. రోగులు పేదవారు. అటువంటి టీకాకు మార్కెటు ఉండదు. చివరకు పటుత్వ పరీక్షలలో విఫలమయినందున 2022లో దానిని ఆపివేశారు. దాని స్థానంలో వేయడానికి మరొకటి సిద్ధంగా లేదు. 2024 తొలి వారాలలోనే కర్ణాటకలో మళ్లీ మరణాలు సంభవించాయి.

తరువాత ఐ.సి.ఎం.ఆర్. కొత్త టీకా తయారీ చేపట్టింది. ఆ పనిలో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ భాగస్వామి. పశువుల టీకాలలో ఆరితేరిన ఆ సంస్థ జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి మండలి స్థాపన. లాభం రాదని ప్రైవేటు కంపెనీలు ముఖం త్రిప్పుకునే చోట ప్రభుత్వరంగం ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం అక్కరలేదు. తెలుగువారికి ఈ విషయంలో ఆసక్తి కలగడానికి వేరొక కారణం కూడా ఉన్నది. మెదడువాపు అంటే ఏమిటో మన తల్లులకు తెలుసు. దోమకాటు వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు వైరస్ ఈ క్యాసనూరు వైరస్ కుటుంబంలోనిదే. 2003 వేసవిలో చాందీపురా అనే వేరొక వైరస్ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని పొట్టన పెట్టుకున్నది. ఒక మూల నిద్రించే వైరస్ ఏ సంవత్సరం ఎవరి ఇంటి తలుపు తడుతుందో ఎవరు చెప్పగలరు?

కొత్త టీకా వచ్చినంత మాత్రాన కర్తవ్యం తీరదు. చచ్చిన కోతి అటవీశాఖది. పశువుపై పిడుదు పశుసంవర్ధక శాఖది. జ్వరపడిన మనిషి ఆరోగ్యశాఖవాడు. వైరస్ మాత్రం ఈ మూడు శాఖల సరిహద్దులను లెక్కచేయదు. మనుషులు, జంతువులు, పర్యావరణం ఆరోగ్యాన్ని ఒక్కటిగా చూడాలన్న సూత్రంతో 2022లో నాగపూరులో జాతీయ సంస్థకు శంకుస్థాపన చేశారు. సూత్రం సరియైనదే. దానిని పరీక్షించడానికి మలనాడును మించిన స్థలం లేదు. కోతి చచ్చిన వార్త ఇరవైనాలుగు గంటలలో ఆ పల్లె ఆరోగ్య కార్యకర్తకు చేరుతున్నదా అన్నదే ఆ సంస్థకు నిజమైన గీటురాయి.

వ్యాధి రెండవ అంకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రభుత్వ పట్టికలలో రెండే గడులున్నవి. ఒకటి సోకినవారు, రెండవది మరణించినవారు. మూడవ వారంలో చేతులు వణకసాగినవాడు, చూపు మందగించినవాడు, కొడవలి పట్టలేక కూలి పోగొట్టుకున్నవాడు ఏ గడిలోనూ లేడు. ఐరోపా వైరస్ మెదడులో ఏ నాడీకణాన్ని ఎలా పట్టుకుంటుందో ఇంత వివరంగా తెలిసింది. మన సొంత గడ్డపై పుట్టిన వైరస్ గురించి అందులో పాతిక వంతు కృషి కూడా జరగలేదు. అత్యంత ప్రమాదకరమైన వైరస్‌లను పరీక్షించగల ప్రయోగశాల పుణెలో 2012 నుంచి ఉన్నది. కోలుకున్న ప్రతి రోగినీ కనీసం ఏడాదిపాటు పరీక్షించి, నాడీవైద్యం అందించి, పని పోయిన కాలానికి భృతి చెల్లించడం అసాధ్యమైన పని కాదు. రోగుల సంఖ్య తక్కువ కావడం ఇక్కడ సాకు కారాదు. అది సౌకర్యం కావాలి.

చివరగా ఒక మాట. చర్మానికి పూసుకునే తైలం ఇచ్చి, అడవికి పోవద్దని దండోరా వేయడం సులభం. ఎండుటాకులు తేకపోతే తోటకు ఎరువు లేదు. కట్టెలు తేకపోతే పొయ్యి వెలగదు. పోవద్దని చెప్పే ప్రభుత్వం ఆ ఆరు నెలలు ఎరువుకు, వంటచెరకుకు, కూలికి ప్రత్యామ్నాయం చూపాలి. లేనినాడు ఆ హెచ్చరిక రోగిపైనే నేరం మోపడం అవుతుంది. ఏ ఆస్పత్రి కంటె ముందుగా, ఏ ప్రయోగశాల కంటె ముందుగా మలనాడు అడవిలో మనకు వర్తమానం పంపుతున్నది చెట్టుపై నుంచి రాలిపడే కొండముచ్చు. అది 1957 నుంచి ఆ పని మానలేదు. ఆ వర్తమానం అందుకోవలసిన చిరునామా ఢిల్లీలోనే ఉన్నది.